పక్కింటివాళ్ల కంచె మా పెరట్లోకి వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: పాత కంచె పడిపోతే పక్కింటివాళ్లు కొత్తది వేయించారండీ, అది మా మందార చెట్టు మొదలుకి ఆనుకుని వచ్చేసింది, ఇదివరకు మధ్యలో మనిషి నడిచేంత చోటుండేది. అడిగితే హద్దు ఇదేనంటున్నారు. మా అబ్బాయేమో పీకేద్దాం అంటున్నాడు.

జవాబు: ఆ పని మాత్రం చేయనివ్వకండమ్మా, పీకిన మరుక్షణం తప్పు మీ మీదకి వస్తుంది. ముందు పాత స్తంభాల గుంతలు వెతకండి, అక్కడ మట్టి గుల్లగా, రంగు తేడాగా ఉంటుంది, సిమెంటు పెళ్లలు కూడా తగులుతాయి, టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి. అయితే పాత కంచె కూడా సరిగ్గా హద్దు మీదే ఉండేదని గ్యారంటీ లేదు, అందుకే ఇద్దరి దస్తావేజుల్లో కొలతలు ఎదురుగా పెట్టుకుని చూడండి, అప్పటికీ తేలకపోతే ఖర్చు చెరిసగం వేసుకుని సర్వేయర్ చేత కొలిపించండి, మీరొక్కరే పిలిపిస్తే వాళ్లు నమ్మరు. తేలింది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

ససేమిరా అంటే లాయర్ ద్వారా నోటీసు పంపాల్సిందే. మొహమాటపడి ఏళ్లతరబడి ఊరుకోవద్దు, అలా వదిలేస్తే మీ హక్కుకే ఎసరు రావచ్చు.