మణికట్టు వంగడం లేదని బంతి నొక్కకండి

ప్రశ్న: మేడమ్, నాకు 41 ఏళ్లు. ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. స్కూటీ మీంచి పడితే కుడి మణికట్టులో స్కాఫోలూనేట్ లిగమెంటు తెగిందని ఆపరేషన్ చేసి, లోపల వైర్లు పెట్టారు. ఎనిమిది వారాలయ్యాక తీసేశారు. తీసి పది రోజులైంది కానీ మణికట్టు బిగుసుకుపోయి పైకీ కిందికీ రావడం లేదు. ఆపరేషన్ ఫెయిలైందేమోనని టెన్షన్‌గా ఉంది. మా ఆడపడుచు రబ్బరు బంతి తెచ్చిచ్చి రోజంతా నొక్కమంటోంది. మా అత్తయ్యగారు వేడి నూనెతో గట్టిగా మర్దనా చేయిస్తే వదులవుతుందంటున్నారు. దసరా ఇంకా రెండు నెలలుంది. ఆర్డర్లు ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఆ బంతి పక్కన పెట్టేయండమ్మా. మీ ఆడపడుచు మంచికే ఇచ్చారు, కానీ మీకు జరిగిన ఆపరేషన్‌కి ఇప్పుడే అది పనికిరాదు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరసల్లో ఉంటాయి. ముంజేతి వైపు వరసలో పక్కపక్కనే ఉండే స్కాఫాయిడ్, లూనేట్‌లను పట్టి ఉంచే లిగమెంటే మీకు తెగింది. వేళ్ల వైపు వరసలో క్యాపిటేట్ అనే పెద్ద ఎముక సరిగ్గా ఆ రెంటి సందుకు ఎదురుగా ఉంటుంది. గుప్పిట గట్టిగా బిగించినప్పుడల్లా ముంజేతి కండరాల లాగుడుకి ఆ క్యాపిటేట్ దుంగలో దిగే చీలలా సందులోకి నెట్టుకొస్తుంది. కొత్తగా అతుక్కుంటున్న లిగమెంటు సాగేది అక్కడే. చేతికి బలం రావాలి, నిజమే. అది కదలిక తర్వాతి సంగతి.

బిగుసుకుపోవడం ఆపరేషన్ ఫెయిలైన గుర్తు కాదు. అన్ని వారాలు కదలకుండా ఉంచింది ఆ లిగమెంటు అతకడం కోసమే. మామూలు మణికట్టు పైకీ కిందికీ చెరో 70 డిగ్రీల దాకా వంగుతుంది. మీకు అదంతా తిరిగి రాకపోవచ్చు, ముఖ్యంగా కిందికి వంగడం. ఇంటి పనులు చాలావాటికి అటు 40, ఇటు 40 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. కాస్త బిగువుగా ఉండి నొప్పి లేకుండా పనిచేసే మణికట్టే నాకు నచ్చుతుంది. తొందరపడి వదులు చేసుకుంటే ఆ రెండు ఎముకలూ మళ్లీ ఎడమవుతాయి, తర్వాత్తర్వాత అరుగుదల మొదలవుతుంది. అందుకే మర్దనా, లాగుడు, నాటు కట్టు ఏవీ వద్దు. కుట్లు పూర్తిగా మానిన మచ్చ మీద మాత్రం కొబ్బరినూనె రాసి వేలికొనతో మెల్లగా గుండ్రంగా రుద్దుకోండి, చర్మం లోపలికి అతుక్కోకుండా ఉంటుంది.

మీ సర్జన్ కదలికలకు ఒప్పుకుని ఉంటే ఇలా మొదలుపెట్టండి. చెయ్యి గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి తుడుచుకోండి. ముంజెయ్యి బల్ల మీద పెట్టి, కింద తువ్వాలు మడిచి, మణికట్టు బల్ల అంచు దాటేలా చూసుకోండి. బొటనవేలు ఇంటికప్పు వైపు ఉండాలి. చెయ్యిని బొటనవేలి వైపుకి, కాస్త వెనక్కి ఎత్తండి. అక్కణ్ణుంచి ఐమూలగా చిటికెనవేలి వైపుకి, అరచెయ్యి కొద్దిగా లోపలికి వంగేలా దించండి. సుత్తితో మేకు కొట్టేటప్పుడు, చెంబుతో నీళ్లు ఒంపేటప్పుడు మణికట్టు నడిచే దారి ఇదే. మేం డార్ట్ త్రో కదలిక అంటాం. ఇలా కదిలితే పని ఎక్కువగా రెండు వరసల మధ్య జరుగుతుంది, మీ లిగమెంటు మీద లాగుడు తక్కువ పడుతుంది. ఖాళీ చేత్తో, నిదానంగా పదిసార్లు, రోజుకి నాలుగైదు విడతలు చాలు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మణికట్టు ఎత్తమంటే వేళ్లు బిర్రుగా చాపి ఎత్తుతారు. అప్పుడు వేళ్లను చాపే కండరాలే మణికట్టునీ లేపేస్తాయి, మణికట్టు కండరాలు ఊరుకుంటాయి. మీ దగ్గర దారపు రీళ్లుంటాయిగా, ఒకటి వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని ఎత్తండి. తేడా మీకే తెలుస్తుంది. చేశాక కాస్త నొప్పి వచ్చి అరగంటలో తగ్గితే పర్వాలేదు. మర్నాడు పొద్దున్న కూడా వాపూ నొప్పీ ఉంటే అంతకుముందు రోజు ఎక్కువ చేశారన్నమాట, సగానికి తగ్గించండి.

ఇక దసరా. హెమ్మింగ్, హుక్కులు, చీరల ఫాల్స్ లాంటి చేతికుట్టు కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చు. మిషన్‌కి మోటారు ఉంటే చక్రం తిప్పే శ్రమ తప్పుతుంది. పెద్ద కత్తెరతో మడతలేసిన బట్ట కత్తిరించడం, ఇస్త్రీపెట్టె మాత్రం ఇప్పుడే వద్దు. కటింగ్ ఇంకొకరు చేసిపెట్టేట్టయితేనే ఆర్డర్లు ఒప్పుకోండి, అవీ కొన్నే. బరువు పనులకు ఆపరేషన్ నాటి నుంచి నాలుగు నుంచి ఆరు నెలలు అనుకోండి. బకెట్లు, బట్టలు పిండడం, చపాతీ పిండి అదిమి కలపడం కూడా ఆ లెక్కలోవే. అన్నిటికంటే ముఖ్యం, కింద కూర్చుని లేచేటప్పుడు కుడి అరచెయ్యి నేలకి ఆనించి లేవకండి. ఒళ్లు బరువంతా ఆ మణికట్టు మీదే పడుతుంది. కుర్చీలో కూర్చోండి, లేకపోతే ఎడమచేతి ఆసరాతో లేవండి. మణికట్టు కదలకుండా కట్టుకునే స్ప్లింట్ ఎప్పటిదాకా అన్నది మీ డాక్టరుగారి మాటే.

చెయ్యి వాచి చర్మం నిగనిగలాడుతూ మంటలు పుట్టినా, రంగు మారి ఊరికే చెమటలు పడుతున్నా, బొటనవేలి వెనకవైపు తిమ్మిరి తగ్గకపోయినా, వైర్లు తీసిన చోట చీము కనిపించినా, కదిపినప్పుడు టక్కుమని నొప్పితో కలుక్కుమన్నా తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే మీ సర్జన్‌కి చూపించండి.