ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు పెడితే నిజంగా సమాచారం ఇస్తారా?

ఇస్తారు, కానీ అడిగే తీరును బట్టి. "మా రోడ్డు ఎందుకు పాడైంది, బాధ్యులెవరు" అని రాస్తే "ఇది సమాచారం కిందకు రాదు" అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. అందులో వాళ్ల తప్పేం లేదు. చట్ట ప్రకారం తమ దగ్గరున్న కాగితం ఇవ్వాలి గానీ సంజాయిషీ కాదు. నన్నడిగితే జిరాక్సులు అడగడం కూడా దండగే. ఫైలు చూపించమనండి. సెక్షన్ 2(జె) ఆ హక్కు ఇచ్చింది, మొదటి గంటకు ఫీజు కూడా లేదు.

మా ఊళ్లో సీసీ రోడ్డు రెండో వానాకాలానికే కంకర తేలింది. ఎస్టిమేటు, ఎం బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లులు చూడాలని మండల ఆఫీసులో 5 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు దగ్గర పడుతుండగా ఫోనొచ్చింది. "ఇవన్నీ మీకెందుకండీ?" కారణం చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2)లోనే ఉందన్నాను. "అబ్బే, ఊరికే అడిగాను సార్" అన్నాడాయన.

వెళ్తే కుర్చీ వేసి, మూట విప్పి ఎం బుక్కు ముందు పెట్టారు. పొడవు, వెడల్పు, మందం అన్నీ నీలం సిరాతో ఉన్నాయి. మందం గడిలో మాత్రం 0.10 మీటర్లను నల్ల పెన్నుతో 0.15 చేశారు. దిద్దిన చోట పొట్టి సంతకమైనా లేదు. అదే జిరాక్సు అయితే నలుపులో నలుపు కలిసిపోయేది, ఆ దిద్దుబాటు నా కంట పడేదే కాదు. ఆ పేజీకి సర్టిఫైడ్ కాపీ కావాలనగానే టీ వచ్చింది.

అసలు సెక్షన్ 4 ప్రకారం 17 అంశాలు ఎవరూ అడక్కుండానే బయట పెట్టాలి. ఏ ఆఫీసు వెబ్‌సైటైనా తెరిచి చూడండి, బదిలీ అయిపోయినవాళ్ల పేర్లే ఉంటాయి. గడువులో సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా అంటారా, సమాచార కమిషన్‌లో రెండో అప్పీలు విచారణకు వచ్చేసరికి ఆ అధికారి ఎక్కడుంటాడో! పైగా 2023లో డేటా రక్షణ చట్టంతో, వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(జె)ని మార్చేశారు, ఇక దేన్నడిగినా "వ్యక్తిగత సమాచారం" అనడం ఖాయం.

మా రోడ్డుకు నెల తిరక్కుండా పైన ఇంకో పొర పడింది. ఏ పద్దు కింద వేశారో మాత్రం బోర్డు పెట్టలేదు. మీరు రాసేటప్పుడు "నోట్ ఫైలుతో సహా పరిశీలించాలి, తేదీ, సమయం తెలపగలరు" అని రాయండి. నోట్ ఫైలు (అధికారులు తమ అభిప్రాయాలు, నిర్ణయాలు రాసుకునే ఫైలు) పేరెత్తకపోతే ఉత్తర ప్రత్యుత్తరాల కట్ట ఒకటి ముందు పడేసి అంతే అంటారు.