పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: బాబ్ మౌల్డ్, ఆయన పాత బ్యాండ్లు

అమెరికన్ ఆల్టర్నేటివ్ రాక్ గాయకుడు, గీత రచయిత, గిటారిస్టు బాబ్ మౌల్డ్ గురించి ఈ మధ్య మాకు ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో ఒకే ప్రశ్నను వేర్వేరు మాటల్లో అడిగినవి పక్కన పెట్టి, మిగిలిన వాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బాబ్ మౌల్డ్ పాత బ్యాండు ముప్పయ్యేళ్ల తరువాత మళ్లీ ఒక్కటైందని స్నేహితులు చెప్పుకుంటున్నారు. హుస్కర్ డూ నిజంగా తిరిగి వచ్చిందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రాలేదు. ఇక రాదు కూడా. మీ స్నేహితులు విన్నది మౌల్డ్ రెండో బ్యాండు షుగర్ సంగతి. మౌల్డ్, బేస్ గిటారు వాయించే డేవిడ్ బార్బ్, డ్రమ్మర్ మాల్కం ట్రావిస్ 2025 అక్టోబరులో ఒక కొత్త పాట విడుదల చేసి, 2026 మే నెలలో న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ కచేరీలు చేస్తామని ప్రకటించారు. ఆ మరుసటి నెలలోనే, అంటే 2025 నవంబరులో, షికాగోకు చెందిన న్యూమెరో గ్రూప్ అనే రికార్డు కంపెనీ హుస్కర్ డూ 1985లో చేసిన కచేరీల రికార్డింగులను ఒక పెట్టెగా విడుదల చేసింది. రెండు కబుర్లూ ఒకదాని వెంట ఒకటి రావడంతో చాలామంది రెంటినీ కలిపేసుకున్నారు.

హుస్కర్ డూ 1979లో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న మలోన్ అనే చిన్న ఊరి నుంచి మకాలెస్టర్ కాలేజీలో చదువుకోవడానికి వచ్చిన మౌల్డ్, డ్రమ్మర్ గ్రాంట్ హార్ట్, బేస్ వాయించే గ్రెగ్ నార్టన్ అందులోని ముగ్గురు. హార్ట్ 2017 సెప్టెంబరులో తన 56వ ఏట కాలేయ క్యాన్సరుతో మరణించారు. ఆయన లేని బ్యాండును ఆ పేరుతో పిలవడం కుదరదన్నది మా అభిప్రాయం. ఎందుకో తరువాతి జవాబులో వివరిస్తాం.

ప్రశ్న: షుగర్ మళ్లీ కలవగలిగినప్పుడు, హార్ట్ బతికి ఉన్న ముప్పయ్యేళ్లలో హుస్కర్ డూ ఎందుకు కలవలేకపోయింది? తప్పు ఎవరిది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. హుస్కర్ డూ కథను ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం కష్టం. షుగర్‌లో పాటలు దాదాపు అన్నీ మౌల్డ్‌వే. దారి ఎటో నిర్ణయించేది కూడా ఆయనే. 1994లో వచ్చిన షుగర్ చివరి ఆల్బమ్‌కు ముందుగా రికార్డు చేసిన టేపులు నచ్చక, వాటిని చెరిపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారంటే ఆయన మాట అక్కడ ఎంత చెల్లేదో అర్థమవుతుంది. హుస్కర్ డూలో అలా కాదు. డ్రమ్ముల వెనుక కూర్చున్న హార్ట్ కూడా సమ ఉజ్జీ అయిన గీత రచయిత, తన పాటలు తానే పాడేవారు. శ్రావ్యత విషయంలో మౌల్డ్ కన్నా ఒక మెట్టు పైనే ఉన్నారనే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు.

ఎవరి పాటలు ఎన్ని అన్న లెక్కలోనే బ్యాండు బీటలు కనబడతాయి. 1986లో వార్నర్ బ్రదర్స్ సంస్థకు చేసిన తొలి ఆల్బమ్‌లో పది పాటలుంటే, ఆరు మౌల్డ్‌వి, నాలుగు హార్ట్‌వి. 1987 జనవరిలో వచ్చిన చివరి ఆల్బమ్ ‘వేర్‌హౌస్’లో ఇరవై పాటలుంటే పదకొండు, తొమ్మిది. ఆల్బమ్‌లో సగానికి మించి హార్ట్ పాటలు ఎన్నటికీ ఉండనివ్వనని మౌల్డ్ పట్టుబట్టారని హార్ట్ తరువాతి కాలంలో చెప్పుకొచ్చారు. ‘వేర్‌హౌస్’ పర్యటనకు బయలుదేరబోయే ముందు వారి యువ మేనేజరు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే లెక్కాపత్రాల భారం కూడా మౌల్డ్ తన నెత్తిన వేసుకున్నారు. మరోపక్క హార్ట్ హెరాయిన్‌కు అలవాటు పడ్డారు, మౌల్డ్ అప్పటికే మద్యం మానేశారు. 1987 డిసెంబరులో మిజోరి రాష్ట్రంలోని కొలంబియాలో జరిగిన కచేరీయే వారి ఆఖరి కచేరీ అయింది. కొద్ది వారాల్లోనే బ్యాండు విడిపోయింది.

తప్పు ఎవరిదని అడిగారు. మౌల్డ్ తన వాదనను 2011లో వచ్చిన ఆత్మకథలో సుదీర్ఘంగా చెప్పుకున్నారు, హార్ట్ తన వాదనను ఇంటర్వ్యూలలో చెప్పారు. రెండూ చదివినవారికి ఇద్దరి మాటలోనూ కొంత నిజం కనిపిస్తుంది. మధ్యలో నలిగిపోయింది మాత్రం నార్టన్ అని మాకు అనిపిస్తుంది. ఆయన తరువాత వంటవాడిగా స్థిరపడి, భార్యతో కలిసి సొంత రెస్టారెంటు నడిపారు. పైకి మెలితిప్పిన మీసం మాత్రం వదలలేదు. ఇటీవలి సంవత్సరాల్లో మళ్లీ బేస్ గిటారు పట్టి వేరే బ్యాండ్లలో వాయిస్తున్నారు.

ప్రశ్న: మేం ఉద్యోగరీత్యా మినియాపోలిస్‌లో స్థిరపడ్డాం. ఊరి మధ్యలోని ఫస్ట్ అవెన్యూ క్లబ్బు గోడ మీద నక్షత్రాలలో హుస్కర్ డూ పేరు చూశాను. ఆ క్లబ్బుకూ బ్యాండుకూ ఉన్న సంబంధం ఏమిటి?
– ఒక తెలుగు పాఠకుడు, మిన్నెసోటా

జవాబు: మీరు చూసిన ఆ నల్లని గుండ్రటి మూల భవనం 1937లో గ్రేహౌండ్ బస్సుల స్టేషనుగా కట్టింది. 1970లో క్లబ్బుగా మారింది. తెలుగునాట కూడా చాలామందికి తెలిసిన ప్రిన్స్ తన 1984 నాటి సినిమాను అక్కడే చిత్రీకరించారు. అదే కాలంలో అవే జంట నగరాల (మినియాపోలిస్, సెయింట్ పాల్) నుంచి హుస్కర్ డూ, రీప్లేస్‌మెంట్స్, సోల్ ఎసైలం వంటి బ్యాండ్లు పక్కపక్కనే ఎదిగాయి. పైన చెప్పిన కొత్త పెట్టెలో ప్రధాన భాగం 1985 జనవరి 30న ఆ క్లబ్బులోనే జరిగిన హుస్కర్ డూ కచేరీ. బయట మిన్నెసోటా చలి, లోపల పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వని ముగ్గురు యువకులు. వీలైతే ఆ రికార్డింగు ఒకసారి విని, తరువాత ఆ గోడ పక్కగా నడిచి చూడండి.

ప్రశ్న: ఈ సంగీతం నాకు కొత్త. ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ ‘జెన్ ఆర్కేడ్’ అంటున్నారు, కానీ మొదటి పది నిమిషాలకే చెవులు గింగురుమన్నాయి.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ చెవుల దోషమేమీ లేదు. ‘జెన్ ఆర్కేడ్’ ఎదురుగా కూర్చోబెట్టి బుజ్జగించే ఆల్బమ్ కాదు. ఇల్లు విడిచి వెళ్లిపోయిన ఒక కుర్రవాడి కథను ఇరవై మూడు పాటల్లో, రెండు ఎల్పీల మీద చెప్పే ప్రయత్నమది. 1983 అక్టోబరులో కాలిఫోర్నియాలోని రెడోండో బీచ్‌లో ఒక స్టూడియోలో రికార్డు చేశారు. రెండు పాటలు తప్ప మిగిలినవన్నీ మొదటి టేకులే. వాయించడం అయ్యాక, ఏకబిగిన నలభై గంటలు కూర్చుని మిక్సింగు ముగించారు. మొత్తం సమయం 85 గంటలు, మొత్తం ఖర్చు 3,200 డాలర్లు. చివరన వచ్చే, మాటలు లేని వాద్య రచన ఒక్కటే దాదాపు పద్నాలుగు నిమిషాలు సాగుతుంది. 1984 జూలైలో విడుదలైనప్పుడు వారి అప్పటి చిన్న రికార్డు కంపెనీ జంకి కొద్ది వేల ప్రతులే అచ్చొత్తించింది. అవి చిటికెలో అయిపోయి, బ్యాండు పర్యటనలో ఉండగానే దుకాణాల్లో రికార్డు దొరకని పరిస్థితి వచ్చింది. పత్రికలు ఆకాశానికి ఎత్తుతున్న ఆల్బమ్‌ను కొనుక్కుందామంటే సరుకు లేదు! ఆ కోపం బ్యాండుకు చాలాకాలం ఉండిపోయింది.

కాబట్టి మీరు వెనుక నుంచి ముందుకు రండి. మొదట షుగర్ 1992లో చేసిన ‘కాపర్ బ్లూ’ వినండి. బ్రిటిష్ పత్రిక ఎన్‌ఎంఈ ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచినది అదే. గిటార్ల హోరు అందులోనూ ఉంటుంది, అయితే ప్రతి పాటకూ పట్టుకుని కూనిరాగం తీయగల బాణీ ఉంటుంది. తరువాత మౌల్డ్ 1989లో ఒంటరిగా చేసిన ‘వర్క్‌బుక్’ వినండి. హుస్కర్ డూ విడిపోయాక ఆయన మిన్నెసోటాలోనే ఒక పల్లెటూరి ఇంట్లో ఉండి ఆ పాటలు రాసుకున్నారు. అందులో చెల్లో వాద్యం వినిపిస్తుంది, మాటలు స్పష్టంగా అందుతాయి. అటుపైన హుస్కర్ డూ 1985లో చేసిన ‘ఫ్లిప్ యువర్ విగ్’. అప్పటికే వార్నర్ వారు అడుగుతున్నా, బ్యాండు ఆ ఆల్బమ్‌ను తమ పాత చిన్న కంపెనీకే ఇచ్చింది. మౌల్డ్, హార్ట్ ఇద్దరూ కలిసి స్వయంగా నిర్మించారు కూడా. మా దృష్టిలో ఇద్దరి కలాలూ సమానంగా పదునుగా ఉన్న ఆల్బమ్ ఇదే. ఇవన్నీ అయ్యాక ‘జెన్ ఆర్కేడ్’ దగ్గరికి వస్తే, అదే హోరులో ఇంతకుముందు మీకు అందని రాగాలు ఒక్కొక్కటిగా తేలతాయి.

ప్రశ్న: ఆ పాత ఆల్బమ్‌లు మంచి నాణ్యతతో మళ్లీ ఎందుకు విడుదల కావడం లేదు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ‘జెన్ ఆర్కేడ్’ మొదలు ‘ఫ్లిప్ యువర్ విగ్’ దాకా వచ్చిన రికార్డులు కాలిఫోర్నియాలో మొదలైన ఎస్‌ఎస్‌టీ అనే కంపెనీ చేతిలో ఉన్నాయి. బ్లాక్ ఫ్లాగ్ బ్యాండు గిటారిస్టు గ్రెగ్ గిన్ స్థాపించిన సంస్థ అది. ఆ టేపులు బ్యాండు చేతికి రాలేదు. అందువల్లనే న్యూమెరో గ్రూప్ 2017లో తెచ్చిన పెట్టె ఎస్‌ఎస్‌టీకి ముందరి కాలానికి పరిమితమైంది, 2025లో తెచ్చినది కచేరీ రికార్డింగులతో సరిపెట్టుకుంది. మొదటి పెట్టె విడుదలైనది హార్ట్ మరణించిన రెండు నెలలకు.

ప్రశ్న: మౌల్డ్ కుస్తీ పోటీలకు కథలు రాశారని విన్నాను. ఇది గాలి కబురేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నిజమే. చిన్ననాటి నుంచి ఆయనకు టీవీ కుస్తీల పిచ్చి. 1999 చివర్లో డబ్ల్యూసీడబ్ల్యూ అనే కుస్తీ సంస్థలో కథారచన బృందంలో చేరి కొన్ని నెలలు పనిచేశారు. ఎవరు గెలవాలి, ఎవరు ఎవరిని వెన్నుపోటు పొడవాలి అన్నది రాయడమే అక్కడి పని.

ప్రశ్న: మౌల్డ్, హార్ట్ విడిపోయాక ఒక్కసారైనా కలిసి పాడారా? మౌల్డ్ ఇప్పుడు సొంతంగా ఏం చేస్తున్నారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పాడారు. 2004 అక్టోబరులో, క్యాన్సరుతో బాధపడుతున్న సోల్ ఎసైలం బేస్ వాద్యకారుడు కార్ల్ మ్యూలర్ చికిత్స కోసం మినియాపోలిస్‌లో జరిగిన సహాయ కచేరీలో ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడ్డారు. రెండే పాటలు: ఒకటి మౌల్డ్ రాసినది, ఒకటి హార్ట్ రాసినది. పాటల లెక్కలో అంతగా పేచీపడిన ఇద్దరు ఆ రాత్రి సరిసమానంగా పంచుకున్నారన్న సంగతి మాకు ఆసక్తిగా తోచింది.

ఇక సొంత పని విషయానికొస్తే, బేస్ వాయించే జేసన్ నార్డూసీ, డ్రమ్మర్ జాన్ వర్స్టర్‌లతో కలిసి ఆయన 2012 నుంచి వరసగా ఆల్బమ్‌లు చేస్తున్నారు. తాజాది 2025 మార్చిలో వచ్చింది. వారి కచేరీలలో ఆయన రాసిన హుస్కర్ డూ పాటలు, షుగర్ పాటలు, కొత్తవి అన్నీ కలగలిపి, మధ్యలో పెద్దగా మాటల్లేకుండా సాగిపోతాయి. షుగర్ కచేరీలకు వెళ్లాలనుకునే విదేశాల్లోని మన పాఠకులకు ఒక సూచన: చెవుల్లో పెట్టుకునే దూది లాంటివి వెంట తీసుకువెళ్లండి.