తుక్కు వ్యాపారంలోకి అమ్మాయిని రానివ్వాలా?

ప్రశ్న: హైదరాబాద్ కాటేదాన్‌లో మాకు చిన్న ప్లాస్టిక్ రీసైక్లింగ్ యూనిట్ ఉంది. పాత సామాను కొట్టుతో మొదలుపెట్టి, గ్రైండర్ కొని, ఇప్పుడు దానా, అంటే పాత ప్లాస్టిక్‌ను కరిగించి చేసే గుళికలు తయారుచేసే దాకా వచ్చాం. నిబంధనలు మారాయి, కొనేవాళ్లు కాగితాలు అడుగుతున్నారు. యూనిట్ పెంచాలో, ఇక్కడితో ఆపాలో తెలియడం లేదు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. మా బావమరిది యాజమాన్య కోటాలో సీఎస్‌ఈ ఏఐ సీటు చూశాడు. తనేమో యూనిట్ చూసుకుంటానంటోంది. ఆడపిల్లను ఈ మురికిలోకి ఎలా తీసుకురాను? ఏఐ, కెమికల్, ప్లాస్టిక్ చదువుల కేంద్ర సంస్థ సిపెట్ కోర్సులను పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: మీరు అడిగింది మూడు కోర్సుల గురించే అయినా, మీ గుబులంతా చివరి వాక్యానికి ముందున్న ప్రశ్నలోనే ఉంది. లారీలు నడిపేవాళ్లు, చేపల వ్యాపారులు, వెల్డింగ్ షాపులవాళ్లు ఇదే ప్రశ్నతో నా దగ్గరకు వస్తుంటారు. నేను పడ్డ కష్టం నా బిడ్డ పడకూడదు, అందుకు ఏ సీటు కొనాలి అని అడుగుతారు. ఎంట్రన్సులు, కౌన్సెలింగ్ సంగతులు మీ బావమరిదికి బాగానే తెలిసినట్టున్నాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

ముందు మీ వ్యాపారం సంగతి. మీరు కొట్టు పెట్టిన రోజుల్లో కాంటా, నోటి లెక్క, నాలుగు వీధుల్లో మంచి పేరు ఉంటే సరిపోయేది. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలకు 2022 ఫిబ్రవరిలో కొత్త మార్గదర్శకాలు చేరాక పరిస్థితి మారింది. ప్లాస్టిక్‌లో సరుకు నింపి అమ్మే కంపెనీ, దానికి తగ్గ ప్లాస్టిక్ రీసైకిల్ అయిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో చూపించాలి. అందుకు ఆ పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, సీసాల్లో 2025-26 నుంచి 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలని, 2028-29కి అది 60 శాతానికి చేరాలని లక్ష్యం పెట్టారు. మినహాయింపులు లేకపోలేదు. అయినా పెద్ద కంపెనీలకు మీలాంటివాళ్ల అవసరం చట్టప్రకారమే ఏర్పడింది. వాళ్లు కాగితాలు అడుగుతున్నది మిమ్మల్ని వేధించడానికి కాదు, ఆ కాగితం లేకపోతే మీ దానా వాళ్ల లెక్కలోకి రాదు.

ఇక నాణ్యత. నీళ్లలో వేస్తే డబ్బాలు, మూతలకు వాడే పీపీ, హెచ్‌డీపీఈ రకాల ప్లాస్టిక్ తేలతాయని, నీళ్ల సీసాల పెట్, పైపుల పీవీసీ మునుగుతాయని మీకు చేతివేళ్లే చెబుతాయి. మునిగిన పెట్ ముక్కల్లో కాస్త పీవీసీ కలిసినా కరిగించేటప్పుడు లాటంతా రంగు మారి పాడవుతుందని కూడా మీకు అనుభవమే. అయితే ఇప్పటి కొనుగోలుదారు అనుభవంతో తృప్తి పడడు. కరిగినప్పుడు ప్లాస్టిక్ ఎంత సులువుగా పారుతుందో చెప్పే మెల్ట్ ఫ్లో ఇండెక్స్ ఎంత, తేమ ఎంత, బూడిద ఎంత అని అడిగి, ప్రతి లాటుకూ పరీక్ష నివేదిక కోరతాడు. మీ యూనిట్ పెరగకుండా ఆగింది ఇక్కడే. ఆ కొలతలు తీసి, పోర్టల్ లెక్కలు తప్పుల్లేకుండా ఉంచే చదువుకున్న మనిషి మీకు కావాలి. అలాంటి మనిషి మీ ఇంట్లోనే ఉండి వస్తానంటుంటే, మీరు తలుపు వేస్తున్నారు.

ఏఐ సీటు విషయంలో నా అనుమానాలు దాచుకోను. రెండు తెలుగు రాష్ట్రాల్లో కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని, కంప్యూటర్ సైన్స్‌కు కొత్త కొత్త తోకలు తగిలించి సీట్లు పెంచుకున్నాయి. బోర్డు మారినంత వేగంగా పాఠం చెప్పేవాళ్లు తయారవరు. ఆ సబ్జెక్టుకు పునాది సంభావ్యత, మాత్రికలు, గణాంకాలు. ఇష్టంగా లెక్కలు చేసే పిల్లలకు అది గొప్ప చదువే, కాదనను. మీ అమ్మాయి అలాంటిదేనా అన్నది మీ ఉత్తరంలో ఒక్క మాటైనా లేదు. ప్రాంగణ నియామకాలకు వచ్చే కంపెనీలు చాలావరకు బ్రాంచి పేరు చూసి ఉద్యోగం ఇవ్వవు, కోడింగ్ పరీక్ష పెట్టి వడపోస్తాయి. ఆ పరీక్ష మామూలు సీఎస్‌ఈ విద్యార్థీ రాస్తాడు, సొంతంగా నేర్చుకున్న ఈసీఈ విద్యార్థీ రాస్తాడు. అలాంటప్పుడు యాజమాన్య కోటాలో మీరు కట్టే లక్షలు దేనికి? బంధువుల ముందు చెప్పుకోవడానికి ఒక బ్రాంచి పేరుకేనా? ఆ డబ్బుతో మీ యూనిట్‌లో చిన్న పరీక్షల గది పెట్టుకోవచ్చు.

కంప్యూటర్ మీద ఆసక్తి ఉంటే మీ రంగంలోనే దానికి పని ఉంది. పరారుణ కిరణాలతో ప్లాస్టిక్‌ను గుర్తుపట్టి వేరుచేసే యంత్రాలకు నల్ల ప్లాస్టిక్ సరిగా కనిపించదు. దానిలోని కార్బన్ ఆ కిరణాలను మింగేస్తుంది. ఇలాంటి చిక్కుల మీద పనిచేయాలంటే మెటీరియల్ తెలిసినవాళ్లు కావాలి. తుక్కు కుప్పల మధ్య పెరిగిన పిల్లకు ఆ తెలివి సగం వచ్చే ఉంటుంది.

మీరు అడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలో కెమికల్ వస్తే అది నా మొదటి ఎంపిక. ఉస్మానియా టెక్నాలజీ కాలేజీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇందుకు పేరున్నవి. ఆ డిగ్రీతో రేపు మీ వ్యాపారం వద్దనుకున్నా మందులు, పెయింట్లు, పెట్రో రసాయనాల కంపెనీల్లోకి వెళ్లవచ్చు. ర్యాంకు రాకపోతే కెమిస్ట్రీతో బీఎస్సీ చేసి, తర్వాత సిపెట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా చేయవచ్చు. ప్లాస్టిక్ ప్రాసెసింగ్, పరీక్షలు అక్కడ చేతులతో నేర్పుతారు. హైదరాబాద్‌లో, విజయవాడ దగ్గర ఆ సంస్థ కేంద్రాలున్నాయి. రెండూ తప్పు దారులు కావు.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను. మిమ్మల్ని ఇంతవాణ్ని చేసి, ఇల్లు నడిపి, పిల్లను చదివించిన పనిని మీరే మురికి అంటున్నారు. అంత మురికైతే మీ దగ్గర పనిచేసే ఆడవాళ్ల చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కులు ఎందుకు కొనలేదు? దుమ్ము పీల్చే ఫ్యాను ఎందుకు పెట్టలేదు? కొని ఉంటే, పెట్టి ఉంటే క్షమించండి. ఆడపిల్ల అన్న మాట కూడా పక్కన పెట్టండి. మన ఊళ్లలో చెత్త ఏరేవాళ్లలో, ప్లాస్టిక్ వేరుచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లకు లేని ఇబ్బంది యజమాని కూతురికే వచ్చిందంటే మీకు గుచ్చుకుంటున్నది మురికి కాదు, పరువు.

భయపడాల్సిన విషయం వేరే ఉంది. ముడి చమురు ధర పడినప్పుడు కొత్త ప్లాస్టిక్ చవకై, మీ దానా అడిగేవాళ్లు తగ్గుతారు. 2020లో చమురు కుప్పకూలినప్పుడు ఈ దెబ్బ ప్రపంచమంతటా రీసైక్లర్లకు తగిలింది. అందుకే అప్పు చేసి ఒకేసారి పెద్ద యంత్రాల లైను వేయకండి. ముందు మండలి పోర్టల్‌లో నమోదు, కొలతలు, నమ్మకంగా కొనే రెండు కంపెనీలు కుదరాలి. అమ్మాయి చదువు ముగిసే నాలుగైదేళ్లలో ఇవన్నీ సాధ్యమే. మీరు వెనకబడిపోలేదు. కొట్టు నుంచి దానా దాకా ఎవరూ నేర్పకుండా నడిచిన మనిషి, తర్వాతి మెట్టు ఎక్కలేడని నేను అనుకోను.

ఈ సెలవుల్లో అమ్మాయిని యూనిట్‌కు రానివ్వండి. కొనుగోలు, అమ్మకం, వృథా లెక్కలు కంప్యూటర్‌లో రాయమనండి. అయిష్టం పుడితే అప్పుడే తెలుస్తుంది, ఆ మాట తన నోటితోనే చెబుతుంది. ఇష్టం నిలబడితే ఆప్షన్లు తననే పెట్టుకోనివ్వండి, బావమరిదిని కాదు. చేసినన్ని రోజులకూ మిగతా పనివాళ్లతో పాటే జీతం ఇవ్వండి.