అనుమతి తరువాత ఏం జరుగుతుంది: బీటీ పత్తి అనుభవం

వర్ధమాన దేశాల్లో కొత్త సాంకేతికతను బాధ్యతాయుతంగా నియంత్రించే విధానాలు అసలు పనిచేస్తున్నాయా అని మీరు అడిగారు. గుంటూరు జిల్లాలో వ్యవసాయ శాఖ ఉద్యోగిగా బీటీ పత్తి (కాయ తొలిచే పురుగును చంపేలా ఒక మట్టి బ్యాక్టీరియా జన్యువును చేర్చిన పత్తి) తొలి సంవత్సరాలను దగ్గర నుంచి చూసిన నాకు తోచింది చెబుతాను. అనుమతి ఇచ్చే ముందు మన ప్రభుత్వాలు చూపే శ్రద్ధ, విత్తనం కొట్టుకు చేరాక కనబడదు.

జన్యుమార్పిడి జీవులపై 1989లోనే నియమావళి వచ్చింది. ఢిల్లీలోని కమిటీ అనుమతిస్తే, జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఏర్పడే కమిటీ పర్యవేక్షించాలన్నది అందులోని ఏర్పాటు. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతిస్తూ, పురుగు బీటీని త్వరగా తట్టుకునే శక్తి తెచ్చుకోకుండా (నాన్ బీటీ మొక్కలపై బతికే మామూలు పురుగులు, తట్టుకునే పురుగులతో జతకట్టి ఆ శక్తిని పలచబరుస్తాయని) చేను చుట్టూ ఐదు సాళ్లు గానీ, విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత నాన్ బీటీ పత్తి వేయాలని షరతు పెట్టారు. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనానికి తోడుగా 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు. నేను తిరిగిన ఊళ్లలో ఆ చిన్న ప్యాకెట్లు విప్పకుండానే గట్ల మీద పడి ఉండేవి. "పురుగును మేపడానికి కూడా కౌలు కట్టమంటారా సార్?" అనేవారు రైతులు. వారిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ నష్టాన్ని ఎవరు భరించాలో షరతు రాసినవారు ఆలోచించనే లేదు. పంటను వేసవి దాకా ఉంచే అలవాటూ దీనికి తోడై, గులాబీ రంగు పురుగు ముందు ఒక జన్యువున్న రకాన్ని, తరువాతి దశాబ్దంలో రెండు జన్యువుల రకాన్ని కూడా తట్టుకోసాగింది. బీటీ, నాన్ బీటీ విత్తనాలను ఒకే సంచిలో కలిపి అమ్మే పద్ధతి ఆ తరువాత గానీ రాలేదు.

బీటీ వంకాయ విషయంలో హైదరాబాద్‌తో సహా 7 నగరాల్లో బహిరంగ చర్చలు జరిపి, 2010 ఫిబ్రవరిలో దాని అనుమతిని కేంద్రం నిలిపివేసింది. ప్రజల మాట వినడం మంచిదే కానీ, ఆ నిలిపివేత నేటికీ ఎటూ తేలలేదు. అదే వంకాయను బంగ్లాదేశ్ 2013లో అనుమతించి, మరుసటి ఏడాది 20 మంది రైతులకే నారు ఇచ్చి, ప్రభుత్వ పరిశోధన సంస్థ కనుసన్నల్లో మొదలుపెట్టింది. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

ఇక్కడేమో అనుమతే లేని, కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బిల్లు లేకుండా అమ్ముడుపోతోంది. జిల్లా కమిటీలకు పరీక్షించే సిబ్బందిని, షరతు పాటించిన రైతుకు నష్టపరిహారాన్ని ఇవ్వకుండా ఢిల్లీలో ఇంకో చట్టం తెచ్చినా ఈ వ్యాపారం ఆగదు.