విశాఖ ఇంత నగరంగా ఎలా ఎదిగింది? ఆర్.కె. బీచ్‌లో ఇసుక ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: ఒకప్పటి చిన్న పట్నం విశాఖ ఇంత పెద్ద పర్యాటక నగరం ఎలా అయింది? ఇంత పేరున్న ఆర్.కె. బీచ్ ఏటా కోసుకుపోతోందని, ఒడ్డునున్న గోడలు కూలుతున్నాయని అంటున్నారు. నిజమేనా?

నిజమేనండి. ఈ రెండింటికీ మూలం ఓడరేవే. నగరాన్ని పెంచింది అదే, బీచ్‌కి రావలసిన ఇసుకను ఆపుతున్నదీ అదే. అందుకే రెండూ కలిపి చెబుతాను.

17వ శతాబ్దం చివరికే ఇక్కడ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉంది. ముఖ్యమైన సరుకు బట్ట. పక్కనే భీమిలిలో డచ్చివారు ఉండేవారు, 1861లోనే అక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. అప్పట్లో విశాఖకి ఉన్న పెద్ద లోటు ఓడ ఒడ్డుకి చేరే చోటు లేకపోవడం. ఓడలు దూరంగా లంగరు వేసి ఉంటే, సరుకునీ మనుషుల్నీ పడవల మీద కెరటాలు దాటించి తేవాలి. గాలి తిరిగిందంటే పని ఆగిపోయేది.

ఊరికి ఉత్తరాన కాస్త ఎత్తు మీద వాల్తేరు. దొరల బంగళాలన్నీ అక్కడే, సముద్రపు గాలి కోసం. 1890లలో మద్రాసు, కలకత్తా వైపు రైలు మార్గం పడ్డాక బయటివారి రాకపోకలు పెరిగాయి. బెంగాల్ నుంచి ఇప్పటికీ ఎంతమంది వస్తారో బీచ్ రోడ్డులో హోటళ్ల బెంగాలీ బోర్డులు చూస్తే తెలుస్తుంది. 1923లో కింగ్ జార్జ్ ఆసుపత్రి, మెడికల్ కాలేజీ వచ్చాయి. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకి మారింది. ఆసుపత్రి, చదువు, బంగళాలు, ఆశ్రమం, ఇవన్నీ సముద్రం వైపు వచ్చాయి. రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఒడ్డున ఉండబట్టే అది ఆర్.కె. బీచ్ అయింది.

అసలు మలుపు 1933. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక ఉప్పుటేరు, బురద నేల. దాన్ని తవ్వి లోపలి హార్బర్ చేశారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ లోపలికి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అంతకు రెండేళ్ల ముందే రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది, మధ్య పరగణాల మాంగనీసు దిగడానికి దారి దొరికింది. ఆ తర్వాత వరసగా 1941లో ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన, 1948లో అక్కడ కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూ నీటిలోకి వదలడం, 1957లో నూనె శుద్ధి కర్మాగారం, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్, 1971లో ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన.

ఇందులో విశాఖకి కలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఫ్యాక్టరీలన్నీ హార్బర్ వెనక, మల్కాపురం, గాజువాక వైపు పోయాయి. సముద్రం ఒడ్డు చాలావరకు ఖాళీగా మిగిలింది. ఒకే ఊళ్లో భారీ పరిశ్రమ, నడవడానికి బీచ్ రెండూ ఉండటానికి కారణం ఇదే. దానికి చెల్లించే మూల్యమూ ఉంది. ఉత్తరాన కైలాసగిరి వరస, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో ఊరు గిన్నెలో ఉన్నట్టు ఉంటుంది. చలికాలం రాత్రులు గాలి కదలక పొగ, దుమ్ము అందులోనే నిలిచిపోతాయి.

జనాభా 1901లో దాదాపు 40 వేలు, 1951లో లక్ష దాటింది, 2011లో 17.28 లక్షలు. ఈ చివరి అంకెని చూసి లెక్కలు వేసేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. 2005లో గాజువాకనీ చుట్టుపక్కల ఊళ్లనీ కలిపి మహా నగరపాలక సంస్థ చేశారు. పెరుగుదలలో కొంత కొత్తగా వచ్చిన జనం, కొంత కొత్తగా చేర్చిన హద్దు. రెండూ విడదీయకుండా "ఇన్ని రెట్లు" అనడం సరికాదు.

ఇక ఇసుక సంగతి. కెరటం ఒడ్డుకి ఏటవాలుగా వస్తుంది, నీరు మాత్రం నేల వాలు పట్టుకుని తిన్నగా వెనక్కి దిగుతుంది. ప్రతి కెరటంతో ఇసుక రేణువు కొంచెం పక్కకి జరుగుతుంది. నైరుతి దిక్కు నుంచి కెరటాలు వచ్చే రోజుల్లో, ఇంచుమించు మార్చి నుంచి అక్టోబరు దాకా, ఈ కదలిక ఉత్తరానికి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దక్షిణానికి. ఉత్తరానికి పోయేది చాలా ఎక్కువ కాబట్టి, ఏడాది మొత్తం మీద లక్షల ఘనపు మీటర్ల ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది.

ఈ నడకకి అడ్డంగా రేవు గోడ కడితే ఇసుక దక్షిణం వైపు ఆగి మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఇసుక కరువవుతుంది. మద్రాసులో జరిగింది ఇదే. అక్కడ 19వ శతాబ్దం చివర రేవు కట్టాక దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా అంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు కోత పడింది. విశాఖలో ఊరి బీచ్ రేవుకి ఉత్తరాన ఉంది. మద్రాసుకి లాభం తెచ్చిన పనే మనకి నష్టం తెచ్చింది.

1933 నాటికే ఇంజినీర్లకి ఇది తెలుసు. హార్బర్ కాలువలోకి ఇసుక రాకుండా రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుగా నిలబెట్టారు. 1960లలో బైలదిల్లా ఇనప ఖనిజం కోసం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. ఆ ఖనిజాన్ని మోసే పెద్ద ఓడలకి లోతు కావాలి గనక 1970లలో పొడవాటి బ్రేక్‌వాటర్లతో, అంటే కెరటాల్ని ఆపే రాతి గోడలతో, బయటి హార్బర్ కట్టారు. అప్పటినుంచి అడ్డు బాగా పెద్దదైంది. ఇంకా దక్షిణాన 2009లో గంగవరం రేవు మొదలైంది, దానికీ సొంత బ్రేక్‌వాటర్లు ఉన్నాయి.

దీనికి విరుగుడుగా చేస్తున్నది ఇసుకను రేవు దాటించడం. దక్షిణపు బ్రేక్‌వాటర్ దగ్గర సముద్రం అడుగున ఒక పెద్ద గొయ్యి తవ్వి ఉంచుతారు. ఉత్తరానికి నడిచే ఇసుక అందులో పడుతుంది. డ్రెడ్జర్, అంటే సముద్రం అడుగు తవ్వే ఓడ, తన గొట్టాన్ని కిందికి దించి, నెమ్మదిగా నడుస్తూ నీటితో కలిపి ఇసుకని పీలుస్తుంది. ఓడ కడుపులో ఇసుక కిందికి దిగుతుంది, పైనీరు బయటికి పొర్లిపోతుంది. నిండాక రేవుకి ఉత్తరాన ఉన్న కోస్టల్ బ్యాటరీ ఒడ్డు, ఆర్.కె. బీచ్ వైపుకి వెళ్లి, తేలే గొట్టానికి కలిపి, ఆ ఇసుకకి మళ్లీ నీరు పట్టించి ఒడ్డుకి పంపు కొడుతుంది. గొట్టంలోంచి వచ్చేదానిలో ఇసుక ఐదో వంతు కూడా ఉండదు, మిగతాదంతా నీరే. అందుకే గొట్టం మూతి దగ్గర ఒడ్డు పొడవునా ఇసుక గట్టు పోస్తారు. నీరు తిన్నగా సముద్రంలోకి దూకకుండా గట్టు వెంట కొంత దూరం పారితే ఇసుక అక్కడే దిగుతుంది. తర్వాత బుల్డోజరుతో సర్దుతారు.

ఎక్కడ చెడుతుందంటే:

మొదటిది రేణువు సైజు. బీచ్ మీద ఉన్న ఇసుకతో సమానంగానో, కాస్త ముతకగానో ఉండాలి. లోపలి హార్బర్ బురద, సన్నటి ఒండ్రు తెచ్చి పోస్తే మొదటి పెద్ద కెరటాలకే కొట్టుకుపోతుంది, నీరు కూడా మురికి పడుతుంది. డ్రెడ్జింగ్ చేసిన మన్నంతా బీచ్‌లో పోస్తే సరిపోతుంది కదా అనేవారికి ఇదే జవాబు.

రెండోది కాలం. తేలే గొట్టం పెద్ద కెరటాలకి విరుగుతుంది. తుపానులు తగ్గాక, నైరుతి కెరటాలు లేవకముందు, అంటే జనవరి–ఏప్రిల్ మధ్య పని సాఫీగా సాగుతుంది. టెండర్లూ అనుమతులూ జాప్యమై మే నెలలోకి జరిగితే పని సగంలో ఆగుతుంది.

మూడోది గొట్టంలో వేగం. సెకనుకి 4 మీటర్ల చుట్టూ ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే ఇసుక గొట్టం అడుగున కూర్చుని మూసుకుపోతుంది. దూరం ఎక్కువైతే మధ్యలో ఇంకో పంపు పెట్టాల్సిందే.

నాలుగోది, ఒక ఏడాది మానేయడం. ఆ ఏడాది లోటు అలాగే నిలిచి ఉంటుంది, మరుసటి ఏడాది రెండేళ్ల ఇసుక కావాలి. ఒడ్డు రక్షణ ఒక్కసారి కట్టి వదిలేసే పని కాదు, నీటి సరఫరాలా ఏటా నిధులు పెట్టాల్సిన పని. అది ప్రణాళికలో మొదటి వరసలో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఇసుక పోసిన కొద్ది వారాలకే ఒడ్డున నడుములోతు నిలువు కోత కనిపిస్తే, పోసిందంతా దండగ అని అంటారు. అది పూర్తిగా నిజం కాదు. కొత్తగా పోసిన ఒడ్డు నిటారుగా ఉంటుంది. కెరటాలు దాన్ని సహజమైన వాలుకి దింపుతూ కొంత ఇసుకని లోపలికి లాక్కుని నీటి కింద దిబ్బగా పేరుస్తాయి. తర్వాత పెద్ద కెరటాలు ముందు ఆ దిబ్బ మీదే విరుగుతాయి. కంటికి కనిపించకపోయినా అది పని చేస్తూనే ఉంది. సరిగ్గా కొలవాలంటే ఒడ్డు వెడల్పుతోపాటు నీటి లోపలి లోతులు కూడా తీయాలి, అదీ ఏటా ఒకే నెలలో.

బండరాళ్లు, గోడలు రోడ్డుని కాపాడతాయి గాని బీచ్‌ని కాపాడవు. కెరటం గోడకి తగిలి వెనక్కి తిరుగుతూ కాళ్ల దగ్గరి ఇసుకని తవ్వేస్తుంది. పునాది బయటపడ్డాక గోడే ముందుకి ఒరుగుతుంది. బీచ్ రోడ్డు పక్కన పార్కు గోడలు కూలిన చోట్ల జరిగేది ఇదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇసుక వెడల్పు తగ్గి ఉన్న చోట రోడ్డుకి దెబ్బ ఎక్కువ తగలడమూ అందుకే.

ఇంకో సంగతి, ఒడ్డు ఉన్నట్టుండి నల్లబడితే చాలామంది చమురో రసాయనమో అనుకుని భయపడతారు. మామూలుగా అది ఇల్మనైట్. విశాఖ–భీమిలి తీరపు ఇసుకలో ఈ బరువైన నల్లటి ఖనిజం సహజంగానే ఉంది, గార్నెట్ ఉన్నచోట ఎర్రటి జీర కూడా కనిపిస్తుంది. తేలికైన తెల్లరేణువుల్ని కెరటం ఎత్తుకుపోతే బరువైనవి మిగిలిపోతాయి. పిడికెడు తీసుకుని ఆరబెట్టి చూడండి. నూనె అయితే చేతికి జిగురు అంటుతుంది, ఇల్మనైట్ అయితే పొడిగా రాలిపోతుంది, మామూలు ఇసుక కంటే బరువుగా తోస్తుంది. నల్లపట్టీ కనిపించిందంటే అక్కడ ఈమధ్యే కోత జరిగిందని అర్థం.

పర్యాటకం విషయానికొస్తే, 1978లో ఏర్పడిన పట్టణాభివృద్ధి సంస్థ పార్కులూ కైలాసగిరీ అభివృద్ధి చేసింది. బీచ్ రోడ్డులో 1996లో 1971 యుద్ధ విజయ స్మారకం, 2002లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం, 2017లో నౌకాదళం వాడిన టీయూ–142 విమానపు మ్యూజియం వచ్చాయి. 91 మీటర్ల కురుసుర నిలబడింది సరిగ్గా కోత పడే ఒడ్డునే. అందుకే దాని ముందు ఇసుక ఎంత ఉందన్నది నగరానికి ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం.

మీరు కుటుంబంతో వస్తున్నట్లయితే స్నానానికి ఆర్.కె. బీచ్ వద్దండి. అక్కడ ఒడ్డు తొందరగా లోతుకి దిగిపోతుంది, రాళ్లు ఉన్నాయి, నీటిని లోపలికి లాగే ప్రవాహాలు ఏర్పడతాయి. యారాడ బీచ్ చూడటానికి బాగుంటుంది, దిగడానికి ప్రమాదం. రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతూ మధ్యలో ఒక దారి మాత్రం నున్నగా, ముదురు రంగులో, నురగ సముద్రం వైపు జారుతూ కనిపిస్తే అదే లాగే చోటు. పిల్లలకి అదే ప్రశాంతంగా కనిపిస్తుంది, అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, పక్కకి, ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడి తర్వాత వెనక్కి రావాలి. ఈత రానివారు తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. దిగాలనుకుంటే ఋషికొండ మేలు. శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు ఉంటారు. వాళ్లు కట్టిన జెండాల హద్దు దాటకండి.

భీమిలి రోడ్డులో సముద్రం కనిపించే స్థలం కొనాలని చూసేవారు, కాగితాల కంటే ముందు తీరప్రాంత నియంత్రణ పటం చూడండి. పట్టణ తీరంగా గుర్తించిన చోట, అప్పటికే ఉన్న రోడ్డుకి ఊరి వైపున మాత్రమే కట్టుకోనిస్తారు. గ్రామీణ తీరంలో పోటు గీత (పోటులో నీరు చేరే పై హద్దు) నుంచి కొంత మేర అసలు కట్టడానికి వీల్లేదు, చాలాచోట్ల అది 200 మీటర్లు. ఆ గీత మీ సర్వే నంబరులో ఎక్కడ పడుతుందో కొలిపించుకోండి. వానాకాలంలో ఒకసారి, మాఘమాసంలో ఒకసారి వెళ్లి ఒడ్డు వెడల్పు చూడండి. రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే ఆ స్థలం జోలికి పోకండి.