ప్రభకు భుజం పట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ కనుమకు ఊరు వస్తున్నావనీ, మన వీరేశ్వరస్వామిని నిలిపి మోసుకెళ్లే వెదురు కట్టడం, అదే మన ప్రభకు, భుజం పట్టాలని ఉబలాటపడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషించాను. గంగలకుర్రు అగ్రహారంలో పుట్టినవాడికి ఆ కోరిక కలగకపోతేనే ఆశ్చర్యపోవాలి. అయితే ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోటలో నిలబడి ప్రభలు చూడటం వేరు, మోయడం వేరు. నీకు చిన్నప్పుడు తీర్థమంటే జీళ్లూ ఖర్జూరమూ బొమ్మలూ. ఇప్పుడు నేను రాసేది రెండో సంగతి.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మన కోనసీమలో ఆ రోజు దేవుళ్లే కదులుతారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, కె.పెదపూడి, గంగలకుర్రు, మన అగ్రహారం. ఈ పదకొండు ఊళ్ల రుద్రులూ ఏడాదికి ఒక్కసారి కలిసేది ఆ తోటలోనే. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, కొబ్బరిచెట్లే. ఎవరి స్వామిని వాళ్లు ప్రభ మీద నిలిపి, భుజాల మీద తీసుకువస్తేనే అది క్షేత్రమవుతుంది. ఆ మోసేవాళ్లలో ఒకడివి కాబోతున్నావు కనుక చెబుతున్నాను.

మొదటి మాట. కనుమ పొద్దున్నే బస్సు దిగి నేరుగా భుజం పెడతానంటే నేను ఒప్పుకోను. భోగికి ముందే రా. ప్రభ కట్టేచోట కూర్చో. తాటి దూలం ఎలా చెక్కుతారో, వెదురు బద్దలను ఇంద్రధనుస్సులా ఎలా వంచుతారో, కొత్త బట్టలు ఎక్కడ బిగిస్తారో, ఎక్కడ కాస్త వదులుగా ఉంచుతారో దగ్గరుండి చూడు. ముడులు వేసేవాళ్లకు తాళ్లు అందించు. కొత్త వరి కంకులూ గంటలూ నెమలి పింఛాలూ కట్టేసరికి దాని బరువు ఎటు మొగ్గుతుందో నీ చేతులకే తెలుస్తుంది. కట్టేటప్పుడు లేనివాడికి, మోసేటప్పుడు అది ఎందుకు ఒరుగుతోందో అర్థం కాదు.

జతగాడు నీ ఎత్తువాడై ఉండాలి. స్నేహితుడి పక్కన నిలబడాలన్న ముచ్చట పక్కన పెట్టు. నువ్వు పొడుగరివి. పొట్టివాడి పక్కన చేరితే బరువంతా నీ మీదే పడుతుంది, అతను ఊరికే బొంగు పట్టుకుని నడుస్తాడు. తువ్వాలు నాలుగు మడతలు వేసి భుజాన పెట్టుకో. పంచె గోచీ పోసి కట్టు. చెప్పులు, వాచీ, ఫోను ఇంట్లో వదిలెయ్యి. ఫోను సంగతి గట్టిగా చెబుతున్నాను. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథంలో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థమే నడిచింది. దేశమంతా చూసిందని నేనూ పొంగిపోయాను. కానీ భుజం కింద బొంగు ఉండగా రెండో చేత్తో వీడియో తీసేవాడిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ చెయ్యి స్వామిది.

ఇంట్లో మినప గారెలు వండుతారు. రెండు తిని బయలుదేరు, చాలు. ప్రభ తిరిగి గుడికి చేరేదాకా నీచు ముట్టవద్దు. మద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. అది తాగి వచ్చినవాడిని బొంగు దగ్గరికి రానివ్వకు, చుట్టమైనా సరే.

"అశ్శరభ శరభ" అని కేక పడగానే అందరూ ఒక్కసారి లేస్తారు. అప్పుడు నీ బలం చూపించాలనుకోకు. ఒకడు గబుక్కున లేపితే ఎదుటివాడి మెడ మీద పడుతుంది. లేచాక పైకి చూడవద్దు, పై సంగతి తాళ్లు పట్టుకున్నవాళ్లు చూసుకుంటారు. గాలికి బట్టలు నిండితే ప్రభ ఒక పక్కకు లాగుతుంది. అప్పుడు కూడా నీ అడుగు ముందువాడి అడుగుతోనే పడాలి. సన్నాయీ తాషా హోరులో కేక సరిగ్గా వినపడకపోవచ్చు, కాబట్టి ముందువాడి మడమ చూసి నడువు. భుజం లాగేస్తుంటే గట్టిగా చెప్పు. మారేవాడు వచ్చి బొంగు కింద భుజం ఆనించాకే నువ్వు తప్పుకోవాలి. మాట్లాడకుండా వదిలేయడం కంటే ప్రమాదం లేదు.

ఇక దారిలో దాటాల్సిన ఎగువ కౌశిక కాలువ. గంగలకుర్రు ప్రభకూ మన ప్రభకూ మాత్రమే దక్కిన దారి అది. చూసేవాళ్లంతా గట్టు మీద అందుకోసమే కాచుకుని ఉంటారు, ఆ అరుపులకు ఉడుకెత్తిపోతావు. తొందరపడకు. నీళ్లలో కాలు ఎత్తి వేయకూడదు, అడుగున జరపాలి. బొటనవేలితో నేల తడిమి, గట్టిగా తగిలాకే బరువు దాని మీద వెయ్యి. నీళ్లు మెడదాకా వచ్చినా ప్రభ తడవకూడదు కాబట్టి చేతులు పైకి చాచి పట్టాల్సి వస్తుంది. ఈత రాని నీ పట్నం స్నేహితులను అక్కడ దిగనివ్వకు. వాళ్లు గట్టు మీద ఉండి దండం పెట్టుకున్నా పుణ్యమే.

అన్నిటికంటే నేను పట్టించుకునేది చేలు. నాట్లు వేసిన పొలంలోంచి ప్రభ వెళితే రైతు కాదనడు, స్వామి అడుగుపెట్టాడని కళ్లకు అద్దుకుంటాడు. ఆ నమ్మకాన్ని మనం అలుసుగా తీసుకోరాదు. ప్రభ వెడల్పు ఎంతో అంతే దారి. మోసేవాళ్ల వల్ల పోయేది కొద్ది పైరే, వెనక చెల్లాచెదురుగా పరిగెత్తే జనం తొక్కేది చాలా ఎక్కువ. నీతో వచ్చినవాళ్లను గట్ల మీదుగా నడిపించు. దారిలో ఏ చేను మీదుగా వెళ్లారో గుర్తుపెట్టుకుని, మర్నాడు ఆ రైతు ఇంటికి వెళ్లి ప్రసాదం ఇచ్చిరా. మన ఇంట్లో అది ఎప్పుడూ మానలేదు.

తోటలో మొసలపల్లి భోగేశ్వరుడు ఇంటి యజమాని, తక్కినవాళ్లంతా అతిథులు. వ్యాఘ్రేశ్వరుని ప్రభ వచ్చేటప్పుడు మిగిలిన ప్రభలన్నీ ఒకసారి పైకి లేపి మర్యాద చేస్తారు. ఆ వేళకు నువ్వు బొమ్మల దుకాణాల దగ్గర కాదు, మన ప్రభ దగ్గరే ఉండాలి. ఏ ప్రభ ఎత్తుగా ఉంది, ఏది బాగా కట్టారు అన్న పోటీ మాటలు పక్క ఊరివాళ్లతో పెట్టుకోకు.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ చెప్పరు కనుక నేను చెబుతున్నాను. వెళ్లేటప్పుడున్న మంది వచ్చేటప్పుడు ఉండరు. పొద్దు వాలుతుంది, కాళ్లు బురదకు జారతాయి, భుజాలు కమిలి ఉంటాయి, మళ్లీ కౌశిక దాటాలి. నాకు నీతో అసలు పని అప్పుడే. వెళ్లేటప్పుడు పోటీపడి భుజం పెట్టకు, ఒకటి రెండు మార్పులు వదిలేసినా పరవాలేదు. వచ్చేటప్పుడు మాత్రం మొదటి నుంచి గుడి వాకిలి దాకా ఉండు.

రెండు పాత పంచెలూ ఒక మంచి టార్చిలైటూ తెచ్చుకో. రైలు టిక్కెట్టు ముక్కనుమ మర్నాటికి తీసుకో, కనుమ రాత్రికి వద్దు. భుజానికి కొబ్బరినూనె కాచి రాయడానికి మీ పెద్దమ్మ సిద్ధంగా ఉంటుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న